ఓదెలు ఛాతీలో తూటా

1972. వానలు వెనకపట్టు పట్టిన రోజులు. గోదావరిఖనిలో గని కార్మికుల దవాఖానలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరి అప్పటికి నాలుగేళ్లు. మా గది వరండా చివర ఉండేది. మందపాటి గోడలు, కిటికీ లేదు. దాన్ని ఆనుకునే డార్క్‌రూం, అంటే ఫిల్మ్ కడిగే చీకటి గది. ఎర్ర బల్బు గుడ్డి వెలుగులో ఫిల్మును మొదట డెవలపర్‌లో, ఆ తర్వాత నీళ్లలో, చివరకు ఫిక్సర్‌లో ముంచి తీసి తీగకు ఆరేసేవాణ్ణి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఫిక్సర్ వాసన నా చొక్కాలను వదిలేది కాదు. గనిలో పైకప్పు కూలి తుంటి విరిగినవాళ్లు, పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బుల మధ్య చెయ్యి నలిగినవాళ్లు, బొగ్గు దుమ్ముతో దగ్గేవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లందరికీ నేను ‘ఫొటో సారు’ను.

ఉద్యోగంలో ఎన్ని ఛాతీలు చూశానో లెక్కలేదు. చాలావాటిని మరిచిపోయాను. ఓదెలు ఛాతీ గుర్తుకొస్తే మాత్రం ఈ వయసులో కూడా నాకు పళ్లు పటపటమంటాయి. ఆ కోపంలో కొంత నామీద నాకే ఉంది. దాన్ని కూడా దాచకుండా చెబుతాను.

ఆ రోజు పొద్దున్నే ఒక పడుచు ఫిల్లర్ తండ్రిని వీపున వేసుకుని తెచ్చాడు. పేరు రాజేశం. ఫిల్లర్ అంటే గనిలో పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తేవాడు. ఇతను ఇంకా బదిలీ మీదనే ఉన్నాడు. పర్మినెంటు కార్మికుడు రాని రోజున ఆ ఖాళీలో దిగుతాడు. దిగిన రోజున మస్టర్ పడుతుంది, అంటే హాజరు. ఏడాదిలో సరిపడా మస్టర్లు పడితేనే పర్మినెంటు. వెనకాలే తల్లి లచ్చవ్వ, చేతిలో ఇత్తడి చెంబుతో వచ్చింది.

ఓదెలుకు యాభై అయిదేళ్లుంటాయి. సొంతూరు గోదావరి అవతల జైపూర్. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఇప్పుడు జ్వరం, దగ్గు. నిమ్ము చేసిందేమోనని డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాశాడు.

నిలబడలేడు కనుక బల్ల మీద పడుకోబెట్టి వీపు కింద కాసెట్ పెట్టాను. కాసెట్ అంటే ఫిల్మ్ ఉండే రేకు పెట్టె. “కాకా, గాలి నిండ పీల్చి ఆపు” అన్నాను. ఆపాడు. “ఇగ వదులు” అంటే వదిలాడు. మాట పోయినా మనిషికి అంతా అర్థమవుతోందని నాకు అక్కడే తెలిసింది.

“నొప్పేమన్న అయిందా కాకా?” అంటే “ఆ” అన్నాడు. అంటూనే తల అడ్డంగా ఊపాడు.

“ఆయినకు గదొక్క మాటే మిగిలింది బిడ్డా” అంది లచ్చవ్వ. “ఏదడిగినా నోట్లకెళ్లి గదే వస్తది. అవునో కాదో తలకాయ చూసి తెలుసుకోవాలె.”

ఫిక్సర్‌లోంచి తీసిన ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూశాను. ఎడమ పక్క, పై పక్కటెముకల మధ్య, చిటికెనవేలి కొసంత తెల్లటి మచ్చ. అంచులు గీసినట్టున్నాయి. ఎముక కంటే తెల్లగా, అంత పదునైన అంచులతో ఉంటే అది లోహమే. మా భాషలో ఫారిన్ బాడీ, ఒంట్లో ఉండకూడని పరాయి వస్తువు.

అంతకుముందు తూటాను పుస్తకంలో తప్ప నేను చూడలేదు. నీళ్లు కారుతున్న ఫిల్మును పట్టుకుని వరండాలోకి వచ్చి, “అరె, ముసలాయన రొమ్ముల తూటా ఉన్నది!” అని గట్టిగా అనేశాను. బల్లల మీద ఇరవై మంది దాకా కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం షిఫ్టు దిగేలోపల ఆ మాట గని మీద అందరికీ తెలిసిపోయింది.

ఆ రోజులెట్లాంటివో చెప్పాలి. అడవుల్లో తుపాకులు పట్టినవాళ్లు తిరుగుతున్నారని పోలీసులు ఊరూరా గాలిస్తున్న కాలం. ఎవరి ఇంట్లో కొత్త మనిషి దిగినా, ఎవడి ఒంటి మీద కొత్త గాయం కనబడినా వాళ్లకు అనుమానమే. డ్యూటీ డాక్టరు నా కేక వినగానే బెదిరిపోయాడు. అది మెడికో లీగల్ కేసు. తుపాకి గాయమో కత్తిపోటో విషమో కనబడితే డాక్టరు పోలీసులకు రాసి పంపాలి. ఆ రూలును నేను తప్పుపట్టను. కానీ రాసేటప్పుడు చూసిందంతా రాయాలి కదా!

ఫిల్ములో ఇంకొకటి కూడా స్పష్టంగా కనబడుతోంది. తూటా తాకిన పక్కటెముక ఎప్పుడో విరిగింది, ఎప్పుడో అతుక్కుంది. ఆ అతుకు కూడా నున్నబడిపోయింది. నిన్నమొన్నటి గాయం అట్లా ఉండదు.

“సార్, ఇది ఏండ్ల కిందటి దెబ్బ. ఆ ఒక్క ముక్క రాయండి” అన్నాను.

“నువ్వు ఫిల్ము తీసేవాడివి. చదివేవాణ్ణి నేను” అన్నాడు. ‘ఛాతీలో తూటా ఆకారం గల లోహపు వస్తువు కలదు’ అని ఒకే వాక్యం రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఎస్సై వచ్చాడు. వార్డులో ఓదెలు మంచం పక్కన కుర్చీ వేయించుకున్నాడు. రైటరు అట్ట మీద తెల్లకాగితం పెట్టుకుని నిలబడ్డాడు. ఫిల్మ్ చూపించడానికి నన్ను పిలిచారు. డాక్టరు కిటికీ దగ్గర ఉన్నాడు.

“పేరు ఓదెలా?” అని అడిగాడు ఎస్సై.

“ఆ.”

“దళంలో పనిచేశావా?”

“ఆ” అన్నాడు ఓదెలు. తల అడ్డంగా ఊపుతున్నాడు.

“పోలీసుల మీద కాల్పులు జరిపావా?”

“ఆ.” తల ఇంకా గట్టిగా ఊపాడు. ఎడమ చేత్తో దుప్పటి పిసుకుతున్నాడు. రైటరు తలెత్తకుండా రాసుకుంటూ పోతున్నాడు.

నేనిక ఆగలేకపోయాను. “సార్, పక్షవాతంల ఆయన మాట పోయింది. ఒక్క ‘ఆ’ తప్ప ఇంకోటి రాదు. కావాలంటే చూడుండ్రి” అని మంచం దగ్గరికి వెళ్లి, “కాకా, నీ పేరు మల్లయ్యనా?” అన్నాను.

“ఆ.”

“నువ్వు ఆడమనిషివా?”

“ఆ.”

పక్క మంచాల వాళ్లెవరో నవ్వారు. ఓదెలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన్ను కాపాడాలనుకుని పది మందిలో నవ్వులపాలు చేశాను. ఎస్సైకి మాత్రం అదేమీ పట్టలేదు.

“ఫొటోలు తీసే పని నీది. అడిగే పని నాది. పక్కకు జరుగు” అన్నాడు.

డాక్టరు వైపు చూశాను. మాట పోయిన రోగి దగ్గర వాంగ్మూలం తీసుకోవడం కుదరదని చెప్పవలసినవాడు ఆయన. ఆ ఒక్క మాట ఆయన అని ఉంటే అక్కడితో ఆగిపోయేది. ఆయన కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూస్తూ నిలబడ్డాడు.

కుడి చెయ్యి పడిపోయింది కనుక ఎడమ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించారు. “ఏం కాయితమయ్యా గది? ఏం రాసుకున్నరయ్యా?” అని లచ్చవ్వ అడుగుతూనే ఉంది. ఎవరూ ఆమెకు జవాబు చెప్పలేదు.

మూడో రోజు రాజేశం నా గది ముందుకు వచ్చాడు. తల్లి కూడా వెంట వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

“సారూ, నా మస్టర్ ఆపిండ్రు. కేసు తేలేదాక గనిల దిగద్దన్నరు. ఫొటో తీసింది నువ్వు. గది పట్టుకొని వరండల ఒర్రింది నువ్వు. గిప్పుడు నేనేం చెయ్యాలెనో చెప్పు.”

“తప్పయింది తమ్మీ” అన్నాను.

“తప్పయిందంటే అయిపోయిందా? మా నాయిన ఎన్నడు చీమకు అపకారం చెయ్యలె. గసొంటాయనను మనుషులను కాల్చినోడంటున్నరు.”

“ఆ తూటా ఎట్ల తగిలిందో నీకు తెల్వదా?”

“నాకేం తెలుసు? చిన్నప్పుడు ఆ మచ్చ ఏందే అని అడిగితే కందిరీగ కుట్టిందనేటోడు.”

అప్పుడు లచ్చవ్వ నోరు విప్పింది. “బర్మా లడాయిల తగిలింది కొడుకా.”

రాజేశం గిర్రున తల్లి వైపు తిరిగాడు. ఇరవై నాలుగేళ్లవాడు, తండ్రి యుద్ధానికి వెళ్లొచ్చాడన్న మాట అప్పుడే మొదటిసారి వింటున్నాడు.

లచ్చవ్వ చెప్పింది ఇది. ఆమె కాపురానికి వచ్చిన రెండో ఏడు కరువు. పటాలంలోకి మనుషులను తీసుకుంటున్నారని విని ఓదెలు రైలెక్కి పోయాడు. నాలుగేళ్లకు తిరిగి వచ్చాడు. ఛాతీ మీద మచ్చ, చేతిలో ఒక రేకు డబ్బా, అందులో మడత పెట్టిన ఇంగ్లీషు కాగితం. ఆ తర్వాత రెండు మూడేళ్లకు నిజాం రాజ్యం పోయింది. ఊళ్లలో పోలీసు క్యాంపులు పడ్డాయి. తుపాకి పట్టడం తెలిసినవాళ్లు కమ్యూనిస్టు దళాలకు నేర్పుతున్నారన్న అనుమానంతో, పటాలం నుంచి వచ్చినవాళ్లను ఏరి తీసుకుపోతున్నారని పుకారు లేచింది. ఓదెలు తల్లి ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టింది.

“మా అత్త నాతోని ఒట్టేయించుకున్నది. మిలిట్రీ అన్న మాట ఇంట్ల ఎత్తద్దన్నది. ఆయిన గుడ ఎత్తలె. నీకు చెప్తే నువ్వు దోస్తులతోని అంటవని భయం” అంది.

“గిప్పుడు గా కాయితముంటే నాయినను ఇడిసిపెట్టేటోళ్లు గదనే” అన్నాడు రాజేశం.

“గప్పుడుంటే పట్టుకపోయేటోళ్లు” అంది లచ్చవ్వ.

రాజేశం, నేను పోలీస్ స్టేషనుకు వెళ్లి ఈ సంగతి చెప్పాం. “కాగితం ఉందా?” అన్నాడు ఎస్సై. లేదన్నాం. “దొరికిన ప్రతివాడూ బర్మాకే పోయొచ్చానంటాడు” అని నవ్వాడు. అయినా రాజేశం రోజూ వెళ్లి నిలబడుతుంటే విసుగుపుట్టి, మిలిటరీ రికార్డుల ఆఫీసుకు ఒక ఉత్తరం రాయించాడు.

జ్వరం తగ్గాక ఓదెలును ఇంటికి పంపించారు. కానీ ప్రతి సోమవారం స్టేషనులో హాజరు వేయించుకోవాలన్నారు. ఒక కాలూ ఒక చెయ్యీ పడిపోయిన మనిషి పారిపోతాడట! రాజేశం రిక్షాలో తీసుకుపోయి, మెట్ల దగ్గర నుంచి వీపున మోసుకుని లోపల బల్ల మీద కూర్చోబెట్టేవాడు. పుస్తకంలో వేలిముద్ర వేయించుకునేదాకా ఒక్కోసారి మధ్యాహ్నం దాటేది. ఒక సోమవారం నేను కూడా వెళ్లాను. ఓదెలు లుంగీ తడిసిపోయి ఉంది. బాత్‌రూముకని చెప్పలేడు కదా. ఆయన తల వంచుకుని నేలను చూస్తున్నాడు. రాజేశం తన తువ్వాలుతో తండ్రి కాళ్లు తుడిచాడు. అక్కడ అంతమంది ఉన్నారు, ఎవరూ ఒక్క చెంబు నీళ్లు ఇవ్వలేదు.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. ఎస్సై రాజేశాన్ని పిలిపించి, “మీ నాన్న పేరు అక్కడ లేనేలేదు. ఇక ఈ కథలు ఆపండి” అన్నాడు. రాజేశం ఏడుస్తూ నా దగ్గరికి వచ్చాడు. నేను వెళ్లి ఆ ఉత్తరం ఒకసారి చూపించమని బతిమాలాను. బల్ల మీదికి విసిరాడు.

ఇంగ్లీషులో నాలుగు వాక్యాలున్నాయి. రాజస్థాన్ రాష్ట్రంలోని జైపూర్‌కు చెందిన సైనికుల జాబితాలన్నీ వెతికించామనీ, ఓదెలు అనే పేరుగలవాడు కనబడలేదనీ రాశారు.

నాకు ఒళ్లంతా మంటెత్తిపోయింది. గోదావరి దాటితే వచ్చే ఊరు మా జైపూర్. స్టేషను నుంచి పోయిన ఉత్తరంలో జిల్లా పేరు లేదు, తాలూకా పేరు లేదు. అక్కడి గుమాస్తాకు తెలిసిన జైపూర్ ఒక్కటే. వాణ్ణి నేనేమీ అనను. ఈ ఎస్సై నెలకు రెండుసార్లు జీపులో మా జైపూర్ పోయి వచ్చేవాడు. ఉత్తరంలో చివరి వాక్యం తప్ప చదవలేదు. చదవకుండానే ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాడు.

“సార్, వాళ్లు వెతికింది రాజస్థాన్‌ల” అన్నాను వేలు పెట్టి చూపిస్తూ.

చూశాడు. రెప్ప కూడా కొట్టలేదు. “అయితే మళ్లీ మీరే రాసుకోండి” అన్నాడు.

ఊరికే రాస్తే మళ్లీ అదే గతి పడుతుంది. పటాలం నంబరు కావాలి, మనిషి నంబరు కావాలి. లచ్చవ్వను కదిలిస్తే ఒక పేరు చెప్పింది. “బెల్లంపల్లి ఖాసీం గుడ ఆయినతోనే పోయిండు, ఆయినతోనే వచ్చిండు. ఉన్నడో లేడో.”

ఆ ఆదివారం రాజేశం, నేను ప్యాసింజరు బండెక్కి బెల్లంపల్లి వెళ్లాం. అక్కడ పాత గనుల దగ్గర ఖాసీం అని ముగ్గురున్నారు. మూడో ఖాసీం రిటైరై చిన్న బీడీల కొట్టు పెట్టుకున్న ముసలాయన. రాజేశం తండ్రి పేరు చెప్పగానే చేతిలో బీడీ కట్ట కింద పెట్టాడు.

“ఓదెలు కొడుకువా? ముందుగాల చెప్పు బేటా, జిందా ఉన్నడా?”

“ఉన్నడు కాకా. మాట పోయింది.”

ఆయన కొట్టు తడిక వేసి మమ్మల్ని లోపలికి తీసుకుపోయాడు. జరిగిందంతా విన్నాడు. దళం అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది.

“తుపాకి? మాకు తుపాకి ఎవ్వడిచ్చిండు సాబ్? పారలిచ్చిండ్రు, గడ్డపారలిచ్చిండ్రు. అస్సాం దాటి బర్మా సరహద్దుల గుట్టలు తవ్వి రోడ్డేసినం. ఎనిమిది నెలలు వానలనే ఉన్నం. ఒకదినం పొద్దుగాల వాగు దగ్గర రాళ్లు మోస్తున్నం. అవతలి గుట్ట మీదికెళ్లి జపానోళ్లు కాల్చిండ్రు. ఓదెలు నా ముంగట పడ్డడు. తట్టల రాళ్లు గిట్లనే ఉన్నయ్ నెత్తి మీద. నేనే మోసుకపోయిన డాక్టర్ తాన. గోలీ తీస్తే రగతం ఆగదు, ఉండనియ్యుండ్రి అన్నడా డాక్టర్. మూడు నెలలకు లేచిండు. మళ్ల పార పట్టిండు.”

“ఇన్నేండ్లు మా ఇంటికి ఎందుకు రాలేదు కాకా?” అన్నాడు రాజేశం.

“ఎట్లొస్త బేటా? పోలీస్ యాక్షన్ ఎన్క ఇద్దరు మిలిట్రీ ఆద్మీలు ఒక్కతాన కూసుంటే ఏంది సంగతని అడిగేటోళ్లు. ఇద్దరం మాట్లాడుకున్నం, కలవద్దని. తర్వాత ఆదత్ అయిపోయింది.”

ఆయన పెట్టె అడుగు నుంచి మైనం గుడ్డలో చుట్టిన డిశ్చార్జి బుక్ తీశాడు. పటాలం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే చిన్న పుస్తకం అది. అందులో పటాలంలో వాళ్ల కంపెనీ నంబరు ఉంది, ఆయన నంబరు ఉంది. చివరి రెండు అంకెలు నలభై ఏడు.

“ఓదెలు నంబరు గుర్తుందా?” అని ఆశగా అడిగాను.

“గుర్తెందుకు సాబ్? భర్తీ అయినదినం లైన్ల నా ఎన్కనే నిలబడ్డడు. నాది నలభై ఏడైతే ఆయనది నలభై ఎనిమిదే గదా!”

తిరుగు బండిలో రాజేశం కిటికీ పక్కన కూర్చున్నాడు. గోదావరి వంతెన మీద బండి పోతుంటే, “మా నాయిన నెత్తి మీద రాళ్లు పెట్టుకొని పడ్డడట సారూ” అన్నాడు.

రెండో ఉత్తరం నేను రాశాను. జైపూర్, ఆదిలాబాద్ జిల్లా, ఆంధ్రప్రదేశ్, పూర్వపు నిజాం రాజ్యం అని కింద గీత గీసి మరీ రాశాను. కంపెనీ నంబరు, నలభై ఎనిమిదితో ముగిసే మనిషి నంబరు ఇచ్చాను. గాయం ఎక్కడుందో వాళ్లకు తెలియాలని ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి, దానిపై పల్చటి కాగితం పరిచి పక్కటెముకలనూ తూటానూ పెన్సిలుతో గీసి జతచేశాను. డాక్టరును సంతకం అడిగాను. “నాకెందుకయ్యా ఈ తలనొప్పి? నీకూ వద్దు” అన్నాడు. నా పేరు, నా హోదా రాసి నేనే సంతకం పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపాను. దవాఖాన అనుమతి లేకుండా రోగి వివరాలు బయటికి పంపానని తర్వాత నాకు మెమో ఇచ్చారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. సిగ్గుపడే కాగితమని నేనెప్పుడూ అనుకోలేదు.

సంక్రాంతి దాటిన తర్వాత జవాబు వచ్చింది. ఇంగ్లీషు దొర ఎవరో తన చెవికి వినబడినట్టు రాసుకున్న పేరు ‘వాడ్లూ’. మా ఓదెలు వాళ్ల పుస్తకాల్లో అట్లా ఉన్నాడు. తండ్రి పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, నంబరు ఖాసీం చెప్పిందే. రోడ్డు పనిలో ఉండగా శత్రువు కాల్పుల్లో ఎడమ ఛాతీకి గాయం, తూటా తీయలేదు, నడవడిక చాలా మంచిది అని రాశారు. చివర ఒక వాక్యం: ఇతనికి రావలసిన పతకాలను ఎవరూ అడిగి తీసుకోలేదు.

ఆ ఉత్తరం పట్టుకుని రాజేశం, నేను, ఖాసీం ముగ్గురం స్టేషనుకు పోయాం. కబురు పెట్టగానే ఖాసీం బెల్లంపల్లి నుంచి తెల్ల షేర్వానీ వేసుకుని దిగాడు. ఎస్సై ఉత్తరాన్ని ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

“సరే. ఫైలు మూసేస్తాం” అన్నాడు.

“మా నాయిన ఏలుముద్ర తీస్కున్న కాయితం మాకియ్యుండ్రి” అన్నాడు రాజేశం.

“అది రికార్డు. ఇవ్వడం కుదరదు.”

“అయితే గది తప్పని దానిమీద రాయుండ్రి.”

“ఏమిటయ్యా నీ జబర్దస్తీ?” అని ఎస్సై గొంతు పెంచాడు.

ఖాసీం బల్ల దగ్గరికి జరిగాడు. “సాబ్, జపానోడు బర్మాల కాల్చిన గోలీకి మీరు ముల్జిమును గోదావరిఖనిల పట్టుకున్నరు. నాలుగు నెలలు ఆ బీమార్ మనిషిని వారం వారం మోసుకొచ్చి ఇక్కడ కూసోబెట్టించిండ్రు. మీ సర్కారు కోసమే దెబ్బ తిన్నడాయన. ఒక్క గీత కొట్టడానికి చెయ్యి రాదా?”

స్టేషనులో ఉన్న కానిస్టేబుళ్లు కూడా రాయడం ఆపేసి చూస్తున్నారు. ఎస్సై కాసేపు ఫైలు తాడు విప్పుతూ కడుతూ కూర్చున్నాడు. చివరకు ఆ వాంగ్మూలం బయటికి తీసి, అడ్డంగా ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి, ‘రద్దు’ అని రాసి సంతకం చేశాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. డాక్టరు నోటా రాలేదు. డాక్టరైతే ఆ తర్వాత నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేదీ మాట్లాడేవాడు కాదు.

రాజేశాన్ని మళ్లీ గనిలో దింపారు. కానీ ఆ నాలుగు నెలలూ గైరుహాజరు కిందనే ఉంచారు. మస్టర్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. తనతో కలిసి బదిలీలో చేరినవాళ్లు ఆ ఏడు పర్మినెంటయ్యారు. ఇతనికి ఇంకా రెండేళ్లు పట్టింది. తండ్రి మీది కేసు రద్దయింది కదా, కొడుకు చేసిన నేరమేమిటని నేను ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగాను. “రూలు” అన్నారు. ఆ రూలు పుస్తకం చూపించమంటే ఎవరూ చూపించలేదు.

స్టేషను నుంచి మేం నేరుగా వాళ్ల గుడిసెకు పోయాం. ఖాసీం లోపలికి వంగి, “ఓదెలూ, నలభై ఏడు వచ్చిండు రా!” అన్నాడు. ఓదెలు మంచం మీద లేవబోయి లేవలేక ఎడమ చెయ్యి చాపాడు. ఆ ఇద్దరూ ఎంతసేపు చేతులు పట్టుకుని ఉన్నారో నేను చెప్పలేను. నేను వాకిట్లోకి వచ్చేశాను.

తర్వాత రాజేశం పిలిస్తే లోపలికి వెళ్లి ఉత్తరం తెలుగులో చదివి వినిపించాను. నడవడిక చాలా మంచిది అన్నచోట లచ్చవ్వ, “ఇంకోపాలి చదువు బిడ్డా” అంది. చదివాను. ఓదెలు ఎడమ చేత్తో చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టుకున్నాడు. తండ్రి ఆ చేతిని వదల్లేదు. ఆ తర్వాతి వానాకాలం చూడకుండానే ఓదెలు పోయాడు. పతకాలకు దరఖాస్తు పెడదామని నేనంటే రాజేశం, “ఆయిన ఉన్నప్పుడు ఇస్తే తీస్కుంటుండె” అని ఊరుకున్నాడు. ఆదివారాలు మాత్రం బెల్లంపల్లి పోయేవాడు. తండ్రి వేసిన రోడ్డు ఎట్లా ఉండేదో, తండ్రి ఏం తినేవాడో, ఎవరితో నవ్వేవాడో ఖాసీంను అడిగి తెలుసుకునేవాడు.

నేను ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. తడి ఫిల్మ్ చేతపట్టుకుని మళ్లీ ఎప్పుడూ వరండాలోకి రాలేదు. కనిపించినదాన్ని ముందు రోగికి చెప్పి, ఇది ఎట్ల అయిందని ముందు ఆ మనిషినే అడిగేవాణ్ణి. చెప్పలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడిగేవాణ్ణి. గాయం పాతదైతే, డాక్టరు కోప్పడినా సరే, ఫిల్మ్ కవరు మీద నా చేతిరాతతో ‘పాత గాయం’ అని రాసి తేదీ వేసేవాణ్ణి. ఈ సంగతులు మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేవు. నేను నేర్చుకోవడానికి ఒక జబ్బు మనిషి బతుకులో నాలుగు నెలలు ఖర్చయ్యాయి. ఆయన దగ్గర మిగిలి ఉన్నవే చాలా తక్కువ.